మోటారు కంట్రోలరు ఏల వేడెక్కును?

చంపావతీ తీరమందలి నెల్లిమర్లకు జూటుమిల్లు వలన వచ్చిన పేరు ఈనాటిది కాదు. గోగునారను గోనెగా మార్చు యంత్రముల చెంత తరతరములుగా జీవించిన ఇట్టి ఊళ్లలో, మోటారు తీగచుట్ట కాలినప్పుడు వచ్చు వాసన యెట్టిదో, బేరింగు అరిగినప్పుడు పుట్టు ధ్వని యెట్టిదో, పెద్దచదువులతో నిమిత్తము లేకయే ఎరిగినవారు ఎందరో కలరు. ఆ యెరుక నేడు క్రొత్తదారి పట్టుచున్నది. పాత సైకిలునకో, మూలబడిన స్కూటరునకో, సరకులు మోయు మూడుచక్రముల బండికో మోటారును బ్యాటరీని అమర్చి, పెట్రోలు ఖర్చు లేకుండ నడుపుకొనవలెనను కోరిక ఉత్తరాంధ్ర యువకులలో బలముగా కనబడుచున్నది. విజయనగరం జిల్లాకు చెందిన ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి స్వహస్తములతో చేసిన బ్యాటరీ సైకిలును 2025లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చూచి, తాను స్వయముగా నడిపి, లక్ష రూపాయలు బహూకరించిన వార్త విన్నప్పుడు, ఇట్టి ప్రయత్నములు సమాజముచే గౌరవింపబడవలసినవే యని అనేకులు సంతోషించిరి.

అయితే బండిని కదలించుట ఒక యెత్తు, ఎండలో, ఎత్తుపల్లములలో, బరువుతో నిత్యము నడుపుట మరియొక యెత్తు. ఇంట చేసిన విద్యుద్వాహనము మొదటి దినమున ఉత్సాహముగా పరుగెత్తి, కొన్ని మైళ్లు పోవునప్పటికి చతికిలబడుటకు ముఖ్యకారణము చాలమార్లు ఒక్కటే: కంట్రోలరు వేడెక్కుట. పెట్టె ముట్టరానంతగా కాలుచున్నదని గ్రహించిన వెంటనే మనవారు చేయు పని దానికొక ఫ్యాను బిగించుట; అది చాలనిచో కాలిన భాగమును తీసి క్రొత్తదానిని వేయుట. ఈ రెండును ఫలింపక డబ్బును ఓర్పును కోల్పోయి, పనినే విడిచిపెట్టినవారు కలరు. వేడి ఎక్కడ పుట్టుచున్నది, ఎప్పుడు పుట్టుచున్నది అను రెండు ప్రశ్నలను ముందుగా వేసికొన్నచో, దోషము తనంతట తానే తన చిరునామా చెప్పును. ఈ వ్యాసమున వివరింపదలచినది ఆ పరీక్షాక్రమమునే.

బ్యాటరీ ఇచ్చునది ఒకే దిక్కునకు ప్రవహించు కరెంటు. నేటి బండ్లలో చక్రపు హబ్బులోనే ఇమిడియుండు మోటారునకు మూడు తీగచుట్టల వరుసలుండును. ఏ క్షణమున ఏ వరుసకు ఎంత కరెంటు అందవలెనో నిర్ణయించి పంచిపెట్టునది కంట్రోలరు. ఆ పంపకమును చేయు చేతులు మాస్‌ఫెట్లు. 1959-60 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన ఈ పరికరమే, పెద్ద కరెంటులను భరింపగల రూపమును దాల్చి, నేడు బొటనవ్రేలి గోరంత నల్లముక్కగా ప్రతి కంట్రోలరునందును కూర్చున్నది. చిన్న కంట్రోలరులో ఇవి ఒక్కొక్క వరుసకు పైనొకటి, దాని కెదుట క్రిందనొకటి చొప్పున 6 ఉండును. బలమైనవానిలో 12, 18, 24 వరకును ఉండవచ్చును. ఒక్కొక్కటి సెకనుకు పదునారువేల మారులు, అంతకు మించియు, తెరచుకొని మూసికొనుచు మోటారునకు కావలసినంత శక్తిని మాత్రమే అందించును. తెరచినప్పుడు దానికి కొద్దిపాటి నిరోధము మిగిలియుండును. తెరచుటకు మూయుటకు నడుమ కొద్దిపాటి కాలము పట్టును. కంట్రోలరులో పుట్టు వేడిలో అధికభాగము ఈ రెండు కొద్దిపాటి లోపముల నుండియే పుట్టుచున్నది.

ఇచ్చట పాఠకుల మనస్సున నాటుకొనియున్న ఒక భయమును ప్రస్తావింపక తప్పదు. 2022 ఏప్రిల్ నెలలో విజయవాడలోను నిజామాబాదు జిల్లాలోను ఇండ్లయందు స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణనష్టము జరిగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో సికిందరాబాదునందు విద్యుత్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటలు పైనున్న లాడ్జికి వ్యాపించి ఎనిమిదిమంది మరణించిరి. అటుపిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీ భద్రతా నియమములను కఠినతరము చేసినది. లిథియం బ్యాటరీ లోపల పుట్టు రసాయనికమైన మంట వేరు, కంట్రోలరు వేడి వేరు. కాని సీటు క్రింద ఒకే పెట్టెలో రెంటిని ఇరికించు అలవాటు మన ఇంటిబండ్లలో కలదు. అట్టిచోట కంట్రోలరు వేడి బ్యాటరీకి సోకుట ప్రమాదకరము. ఈ రెంటి నడుమ ఎడమును గట్టి అడ్డుగోడను ఉంచుట తక్కిన మరమ్మతులన్నిటికంటె ముందు చేయవలసిన పని.

ఇక వేడి పుట్టుక. కరెంటు ప్రవహించు తీగలో పుట్టు వేడి, కరెంటు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని 1841లో జూల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిరూపించెను. అనగా కరెంటు రెండింతలైనచో వేడి నాలుగింతలు, నాలుగింతలైనచో పదునారింతలు. ఒక మంచి మాస్‌ఫెట్ నిరోధము ఓములో వేయింట నాలుగున్నర వంతులే యనుకొందము. దానిగుండ 50 ఆంపియర్లు పోవునప్పుడు పుట్టు వేడి 11 వాట్లకు కొంచెము పైమాట. 100 ఆంపియర్లు పోవునప్పుడు 45 వాట్లు. పైగా మాస్‌ఫెట్ వేడెక్కినకొలది దాని నిరోధమును పెరుగును; లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరునప్పటికి అది ఒకటిన్నర రెట్లు దాటును. వేడి నిరోధమును, నిరోధము వేడిని పెంచుచు పోవు ఈ వలయము, చల్లార్చు ఏర్పాటు చాలని కంట్రోలరును నిమిషములలో కాల్చివేయగలదు. చాల మాస్‌ఫెట్లకు లోపల 175 డిగ్రీలు తుదిహద్దు. సాధారణపు సోల్డరు 183 డిగ్రీల వద్ద కరగునని తలచుకొన్నచో ఆ హద్దు ఎంత తీవ్రమైనదో బోధపడును.

ఇందు సామాన్యులను తికమకపెట్టు విషయమొకటి కలదు. బండి వేగముగా పోవునప్పుడు కంట్రోలరు ఎక్కువగా కష్టపడునని మనము తలతుము. వాస్తవము దీనికి విరుద్ధము. సాలూరు నుండి కొరాపుట్టు వైపు సుంకి ఘాట్ ఎక్కు లారీ డ్రైవర్లకు ఈ సంగతి అనుభవపూర్వకముగా తెలియును: చదునునేలపై వేగముగా పోవు లారీ చల్లగా నుండును, బరువుతో మెల్లగా ఎత్తెక్కు లారీ రేడియేటరే మరగును. విద్యుద్వాహనమున ఇది మరింత తీక్ష్ణము. బ్యాటరీ నుండి 48 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు వచ్చుచున్నవనుకొందము. బండి మెల్లగా ఎత్తెక్కునప్పుడు కంట్రోలరు ఆ వోల్టేజిని నాలుగవ వంతునకు, అనగా 12 వోల్టులకు తగ్గించి మోటారునకిచ్చును. శక్తి నశింపదు గాన మోటారు తీగలలో కరెంటు నాలుగింతలై 80 ఆంపియర్లకు చేరును. బ్యాటరీ తీగకు మీటరు తగిలించి 20 ఆంపియర్లే కదా యని నిశ్చింతగా నున్నవానికి, మాస్‌ఫెట్లలో పదునారింతల వేడి పుట్టుచున్నదన్న సంగతి తెలియదు. బండిని కదలించునప్పుడు, ఇసుకలో దిగబడినప్పుడు, రైలుకట్టపై వంతెన ఎక్కునప్పుడు కంట్రోలరు కాలుటకు మూలము ఇదియే.

అంతేకాదు. మాస్‌ఫెట్ మూసికొన్నంతమాత్రమున మోటారు చుట్టలోని కరెంటు ఆగిపోదు. అది మరియొక మార్గమున, ఎదుటి మాస్‌ఫెట్ లోపలనున్న డయోడు గుండ తిరుగును. డయోడు సుమారు ఒక వోల్టును మ్రింగును. 80 ఆంపియర్ల కరెంటు నూటికి 75 వంతుల కాలము ఆ దారిన పోయినచో పుట్టు వేడి 60 వాట్లు. ఆ సమయమున ఎదుటి మాస్‌ఫెట్‌నే తెరచి, దాని స్వల్పనిరోధము గుండ కరెంటును పోనిచ్చినచో, అదే వేడి దాదాపు 22 వాట్లకు దిగును. విలువగల కంట్రోలర్లు ఈ యుక్తిని పాటించును. తొలిసారి స్వయముగా ప్రోగ్రాము వ్రాయువారు దీనిని విస్మరింతురు. మెల్లగా నడచునప్పుడే అధికముగా వేడెక్కు ఇంటి కంట్రోలరునందు మొదట చూడవలసినది ఈ యేర్పాటు ఉన్నదా లేదా యని.

రెండవ లోపము తెరచుటకు మూయుటకు పట్టు కాలము. పూర్తిగా తెరచిన మాస్‌ఫెట్‌లోను వేడి తక్కువ, పూర్తిగా మూసినదానిలోను వేడి లేదు. సగము తెరచి సగము మూసిన దశలో వోల్టేజియు కరెంటును రెండును దానిపై పడి, వేడి పెల్లుబుకును. 48 వోల్టులు, 80 ఆంపియర్లు, సెకనుకు 16,000 మారులు తెరచి మూయుట అనుకొని లెక్కించినచో, ఒక్కొక్క మార్పునకు 200 నానోసెకన్లు పట్టినప్పుడు ఈ నష్టము 12 వాట్లు. ఒక మైక్రోసెకను పట్టినప్పుడు 61 వాట్లు. మాస్‌ఫెట్ తెరచుకొనుటకు దాని గేటు అను ఆజ్ఞాద్వారమును నింపవలెను; అందులకు కొంత విద్యుదావేశము కావలెను. పిల్లలు ప్రయోగములకు వాడు ఆర్డుయినో బోర్డు పిన్నునే నేరుగా గేటునకు కలిపినచో, అది ఇచ్చు 20 మిల్లీఆంపియర్లతో పెద్ద మాస్‌ఫెట్ గేటు నిండుటకు ఏడు మైక్రోసెకన్లకు పైగా పట్టును. పైగా ఆ 5 వోల్టులు దానిని పూర్తిగా తెరువనుకూడ చాలవు. గేటునకు 10 నుండి 12 వోల్టులనిచ్చి, ఆంపియర్ల కొలది కరెంటును క్షణములో అందింపగల డ్రైవరు ఐసీ నడుమ నుండుట అనివార్యము. గేటు రెసిస్టరు మితిమీరి పెద్దదైనను ఇదే దోషము కలుగును. ఇక పైనున్న మాస్‌ఫెట్ మూసికొనకమునుపే క్రిందనున్నది తెరచుకొన్నచో బ్యాటరీ రెండు కొనలును కలిసిపోయి, క్షణకాలపు షార్టు సెకనుకు వేలమారులు జరుగును. ఆ రెంటి నడుమ ఒక మైక్రోసెకను మాత్రపు విరామమును ప్రోగ్రామునందో డ్రైవరునందో ఉంచుట అందులకే.

పుట్టిన వేడి బయటకు పోవు దారి మరియొక ప్రకరణము. పొలమునకు పోవు కాలువలో ఒకచోట మదుము పూడుకొన్నప్పుడు దానికి ఎగువను నీరు నిండి గట్టు తెగును, దిగువను కాలువ ఎండును. ఎగువ దిగువల నీటిమట్టములను పోల్చి చూచినవానికి పూడిక ఎచ్చటనో ఇట్టే తెలియును. వేడియు నట్టిదే. మాస్‌ఫెట్ లోపలి నుండి దాని లోహపు వీపునకు, అచ్చటినుండి అల్యూమినియం హీట్‌సింకునకు, అచ్చటినుండి గాలికి అది ప్రవహింపవలెను. ఏ రెండు స్థానముల నడుమ ఉష్ణోగ్రతాభేదము అత్యధికముగా నున్నదో, అడ్డు అచ్చటనే యున్నది. మాస్‌ఫెట్ వీపు 95 డిగ్రీలు, ప్రక్కనే యున్న హీట్‌సింకు 50 డిగ్రీలు చూపినచో ఎంత పెద్ద ఫ్యాను పెట్టినను ప్రయోజనము లేదు. ఆ రెంటి అతుకులోనే దోషమున్నది. వీపు 85, హీట్‌సింకు 80 చూపినచో అతుకు నిర్దోషము. హీట్‌సింకు చిన్నదో, గాలి ఆడనిదో, కరెంటు మితిమీరినదో కావలెను.

ఆ అతుకును ఒక్కమారు విప్పి పరిశీలించుట మంచిది. మాస్‌ఫెట్ లోహపు వీపు విద్యుత్తుతో సంబంధము గలది గాన, దానికిని హీట్‌సింకునకును నడుమ పలుచని మైకారేకునో సిలికాన్ ప్యాడునో ఉంచి, ఇరువైపుల థర్మల్ పేస్టు పూయుదురు. అల్యూమినియముతో పోల్చినచో గాలి వేలరెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును. ఆ సందులలోని గాలిని తొలగించుటయే పేస్టు పని. కావున పేస్టు అద్దమువలె పలుచగా నుండవలెను. మందముగా పూసినచో అదియే అడ్డగును. డ్రిల్లుతో బెజ్జము వేసినప్పుడు దాని అంచున లేచు సన్నని ముల్లువంటి అల్యూమినియం పొరను అరగదీయక అటులే బిగించినచో, అది మైకాను పైకెత్తి సందు కలిగించును. ఒక్కొక్కప్పుడు మైకాను చీల్చి షార్టు చేయును. బిగువుకొరకు స్క్రూను బలముకొలది త్రిప్పినచో మాస్‌ఫెట్ ఒకవైపు క్రుంగి రెండవవైపు లేచును. అందుచేత అనుభవజ్ఞులు ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్క్రూ గాక, వరుస అంతటిని ఒకే గట్టి పట్టీతో సమముగా అదుముదురు.

ఉష్ణోగ్రతను కొలుచుటయందును మెలకువ కావలెను. చేయిపెట్టి చూచుట మెకానిక్కుల అలవాటు. కాని 60 డిగ్రీలకును 100 డిగ్రీలకును చేతికి భేదము తెలియదు, రెండును చుర్రుమనునవే, పైగా విద్యుద్భాగములను తాకుట అపాయము. తుపాకివలె గురిపెట్టి చూచు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నేడు చవకగా దొరకుచున్నది; అయితే మెరయు అల్యూమినియముపై దానిని గురిపెట్టినచో అది గదిలోని వస్తువుల ప్రతిబింబపు వేడినే చదివి, కాలుచున్న లోహమును చల్లగా నున్నదని చెప్పును. నల్లని ఇన్సులేషన్ టేపు చిన్నముక్కను ఆ చోట అంటించి, టేపుపై గురిపెట్టినచో అసలు సంఖ్య కనబడును.

ఇప్పుడు పరీక్షాక్రమము. మొదట చక్రమును నేలనుండి లేపి, బరువు లేకుండ త్రిప్పవలెను. సామాన్యమైన 48 వోల్టుల హబ్ మోటారు అట్టిస్థితిలో ఒకటి రెండు ఆంపియర్లకు మించి తీసికొనరాదు. అంతకు ఎక్కువ లాగుచు, గరగరలాడుచు, కంట్రోలరును వేడిచేసినచో మూడు మోటారు తీగలను, మోటారు తిరుగు స్థానమును తెలుపు మూడు హాల్ సెన్సరు తీగలను కలిపిన క్రమమునందు తప్పున్నదని శంకింపవలెను. వీటిని 36 విధముల కలుపవచ్చును. అందు సరియైనవి ఆరే, వానిలోను మూడు ముందునకు, మూడు వెనుకకు త్రిప్పునవి. తప్పు కలయికలలో కొన్ని మోటారును త్రిప్పుచునే యుండుట వలన అనేకులు మోసపోవుదురు. తీగల క్రమము సరిగానున్నను, బరువు లేకయే వేడి పుట్టుచున్నచో దోషము గేటు డ్రైవరులోనో విరామకాలములోనో యుండును. దానిని పట్టుకొనుటకు ఓసిల్లోస్కోపు కావలెను. బరువు లేనప్పుడు చల్లగానుండి, చదునుదారిన మూడు వరుసలలో ఒక్కదాని మాస్‌ఫెట్లే వేడెక్కినచో ఆ వరుసను నడపు డ్రైవరును, దాని సోల్డరు అతుకులను చూడవలెను. ప్రక్కప్రక్కన సమాంతరముగా నున్న వానిలో ఒక్కటి మాత్రమే వేడెక్కినచో అది తక్కినవాని బరువును తాను మోయుచున్నదని అర్థము. చదునున చల్లగానుండి ఎత్తున మాత్రమే అన్నియు సమముగా వేడెక్కినచో కంట్రోలరునందు తప్పు లేదు; దాని శక్తికి మించిన పని మనము అప్పగించుచున్నాము.

మాస్‌ఫెట్లు చల్లగానుండగా తీగలు చేరు లగ్గులు కాలుచున్నచో అది సరిగా నొక్కని లగ్గు దోషము. మరల నొక్కించినచో తీరును. కెపాసిటర్లు వేడెక్కుచున్నచో బ్యాటరీ తీగలు మితిమీరి పొడుగైనవో, కెపాసిటర్లు చాలవో అనుకొనవలెను. 105 డిగ్రీలకు తయారైన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుర్దాయము ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు సుమారు రెట్టింపగునన్నది తయారీదారులెల్లరు పాటించు లెక్క. కావున అవి హీట్‌సింకునకు ఆనుకొని యుండరాదు.

మన సీమకు ప్రత్యేకమైన కష్టము వాతావరణము. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన దేశములో, నీడనే 40 డిగ్రీలున్న గాలి హీట్‌సింకును ఎంత చల్లబరచగలదు? సీటు క్రింద మూసిన పెట్టెలో ఆ గాలియు చలింపదు. హీట్‌సింకు రెక్కలను పెట్టెకు వెలుపల, బండి నడచునప్పుడు గాలి తగులునట్లు నిలువుగా అమర్చినచో ఫ్యాను అవసరము చాలవరకు తప్పును. దుమ్ము, నారపొడి రెక్కల నడుమ పేరుకొనకుండ వానిని అప్పుడప్పుడు తుడువవలెను. వర్షపునీరు లోపలికి పోకుండ మూతకు రబ్బరు అంచు పెట్టి, తీగలు క్రిందివైపునుండి లోనికి పోవునట్లు చూడవలెను.

అన్నిటికంటె మేలైన రక్ష, కంట్రోలరు తన వేడిని తానే ఎరుగుట. కొద్ది రూపాయలకు దొరకు థర్మిస్టరును మాస్‌ఫెట్ల ప్రక్కన హీట్‌సింకునకు అదిమి, ఉష్ణోగ్రత హద్దు మీరినప్పుడు కరెంటు క్రమముగా తగ్గునట్లు ప్రోగ్రాము వ్రాయవచ్చును. స్వీడను దేశీయుడు బెంజమిన్ వెడ్డర్ రూపొందించి అందరికిని ఉచితముగా తెరచియుంచిన వెస్క్ అను కంట్రోలరు నమూనాలో 85 డిగ్రీల వద్ద కరెంటు తగ్గుట ఆరంభమై 100 డిగ్రీల వద్ద పూర్తిగా ఆగును. బ్యాటరీ కరెంటునకే గాక మోటారు కరెంటునకును వేరుగా హద్దు విధించుట ఆ నమూనా నేర్పు మరియొక మంచిపాఠము. ఎత్తున బండి కొంచెము నెమ్మదించును. కాని ఇల్లు చేరును.

ఈ పరీక్షలు చేయువారు బ్యాటరీని విడదీసిన తరువాతను కెపాసిటర్లలో ఆవేశము నిలిచియుండునని మరువరాదు. రెసిస్టరుతో దానిని దింపి, మీటరుతో చూచి, పిమ్మటనే చేయిపెట్టవలెను. బ్యాటరీ తీగకు ఫ్యూజు లేకుండ ఏ ప్రయోగమును ఆరంభింపరాదు. మోటారు శక్తి 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడి, తగిన ధ్రువీకరణము పొందిన బండ్లకే రిజిస్ట్రేషను నుండి మినహాయింపు కలదు. అంతకు మించినదానిని అనుమతి లేక రోడ్డుపై నడుపుట చట్టవిరుద్ధము, తోటివారి ప్రాణములకు ముప్పు.

ఇంత చెప్పినను, ఒక యిక్కట్టు మిగిలియే యున్నది. మల్టీమీటరు ఎవరైన కొనగలరు. గేటు తరంగము ఎటులున్నదో చూపు ఓసిల్లోస్కోపును నెల్లిమర్లలోని ఒక మెకానిక్కు గాని, ఇంటర్మీడియట్ విద్యార్థి గాని కొనలేడు. కొనలేనందున ఊహించును, ఊహించినందున మాస్‌ఫెట్ల వెంట మాస్‌ఫెట్లను కాల్చును. కొద్దిదూరమున విజయనగరమునందే 2022లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైన జె.ఎన్.టి.యు. గురజాడ కలదు, ఇతర ఇంజనీరింగు కళాశాలలును కలవు. వాని ప్రయోగశాలలలో ఆ పరికరములు సెలవుదినములలో మూతలు కప్పుకొని యుండును. వారమునకు ఒక్క పూట వానిని చుట్టుప్రక్కల ఊళ్ల పనివారికిని పిల్లలకును తెరచియుంచి, ఒక ఉపాధ్యాయుడు చెంతనుండినచో, వారి యేండ్ల తడుములాట గంటలలో తీరును. ప్రతిగా ఆ పనివారు తమ బండి ఏ దారిన, ఏ ఎండలో, ఎంత బరువుతో, ఎన్ని ఆంపియర్ల వద్ద, ఎన్ని డిగ్రీలకు వేడెక్కినదో ఒక పుస్తకమున వ్రాసి కళాశాలకు ఇచ్చినచో, మన రోడ్లకును మన ఎండలకును తగిన కంట్రోలరును రూపొందించుటకు అంతకంటె విలువైన గ్రంథము విద్యార్థులకు వేరొకటి దొరకదు. బహుమతులు ఒకరిద్దరిని ప్రోత్సహించును. పరికరములు అందుబాటులోనుండుట ఒక ప్రాంతమంతటికిని విద్య నేర్పును. కళాశాలల అధికారులు ఈ మనవిని ఆలకింతురు గాక.